నిర్బంధ ఆరోగ్య బీమా: కొనక తప్పని సేవకు ఒక సమీక్ష

ప్రతి ఒక్కరూ ఆరోగ్య బీమా కొని తీరాలని ప్రభుత్వం చట్టం చేయవచ్చా అన్న చర్చ సాధారణంగా హక్కుల గురించో పన్నుల గురించో మొదలై అక్కడే ఆగిపోతుంది. కొన్న మనిషి చేతికి చివరకు వచ్చేది ఏమిటి, దానికి అతడు చెల్లించేది ఎంత, జబ్బు పడిన రోజున అది ఎంతవరకు ఆదుకుంటుంది అన్న ప్రశ్నలు మాత్రం వెనకబడిపోతాయి. అందుకే ఈ సమీక్షలో నిర్బంధ బీమాను ఒక సేవగా తీసుకుని, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, జర్మనీ, అమెరికా దేశాల్లో అది తీసుకున్న రూపాలను కొనుగోలుదారు వైపు నుంచి పరిశీలిస్తున్నాను. మామూలు సేవ నచ్చకపోతే మానుకుంటాము. ఇక్కడ ఆ దారిని చట్టమే మూసివేస్తుంది కాబట్టి షరతులను మరింత కఠినంగా చదవవలసి ఉంటుంది. నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. కొనేవారిని కట్టడి చేసే ముందు అమ్మేవారిని అంతకంటే గట్టిగా కట్టడి చేసిన చోట ఈ నిర్బంధం న్యాయమైనది. ఆ వరుస తలకిందులైన చోట అది చట్టం పేరుతో కంపెనీలకు ఖాతాదారులను పోగు చేసి ఇవ్వడమే అవుతుంది.

స్వచ్ఛందంగా కొనుక్కునే బీమాలో ఉన్న లోపమేమిటో తెలియకుండా నిర్బంధ బీమాను అంచనా వేయలేము. ఆరోగ్యంగా ఉన్నంతకాలం ప్రీమియం అనవసరపు ఖర్చుగా కనిపిస్తుంది. ఒంట్లో తేడా మొదలయ్యాక అదే అత్యవసరం అవుతుంది. కంపెనీకి ఈ సంగతి తెలుసు. అందుకే దరఖాస్తులో పాత జబ్బుల గురించి అడుగుతుంది, పరీక్షలు చేయిస్తుంది, కొన్ని వ్యాధులకు ఏళ్ల తరబడి ఎదురుచూడాలంటుంది, కొందరిని మొత్తంగా తిరస్కరిస్తుంది. మా బంధువుల్లో ఒక పెద్దావిడ గుండెకు చికిత్స చేయించుకున్న కొంతకాలానికి బీమా కోసం దరఖాస్తు చేస్తే, ఒక కంపెనీ కారణం కూడా సరిగా చెప్పకుండా తిప్పి పంపింది. ఆవిడకు అప్పటికి డబ్బు లేక కాదు, అడిగిన ప్రీమియం కట్టడానికి సిద్ధంగానే ఉన్నారు. బీమా ఎవరికి అన్నింటికంటే ఎక్కువ అవసరమో వారికే అది దొరకకపోవడం ఈ వ్యాపారంలో పొరపాటున జరిగేది కాదు. స్వచ్ఛంద మార్కెట్ లెక్క అలాగే తేలుతుంది. వయసు మీద పడినవారికి ఏ ధరకైనా ఆరోగ్య బీమా దొరకడం ఎందుకు కష్టమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లోనే వివరించాడు. ధర పెంచిన కొద్దీ ఆరోగ్యవంతులు తప్పుకుంటారు, మిగిలేవారిలో రోగుల వాటా పెరుగుతుంది, దాంతో ధర మళ్లీ పెంచవలసి వస్తుంది.

ఈ లెక్క ఎంత తీవ్రమైనదో వైద్య ఖర్చు పంచబడే తీరు చెబుతుంది. అమెరికాలో ఏ సంవత్సరం తీసుకున్నా, అత్యధికంగా ఖర్చయ్యే 5 శాతం మంది మీదే మొత్తం వైద్య వ్యయంలో దాదాపు సగం పోతుంది. తక్కువ ఖర్చయ్యే సగం జనాభా మీద పోయేది కొద్ది శాతమే. అంటే వందమంది ఉన్న బృందంలో నుంచి ఆ ఐదుగురిని ముందుగా గుర్తుపట్టి బయట ఉంచగలిగిన కంపెనీ తన ఖర్చును సగానికి తగ్గించుకోగలదు. ఇంత ప్రయోజనం కళ్ల ముందు ఉండగా, ఎవరినీ తిరస్కరించకుండా ఉండమని కంపెనీలకు హితవు చెబితే సరిపోదు. చట్టం కావాలి.

అయితే ఆ చట్టాన్ని సగం చేసి వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం అనుభవించింది. 1993లో ఆ రాష్ట్రం రెండు వైపులా నియమాలు పెట్టింది: కంపెనీలు దరఖాస్తు చేసిన వారందరినీ చేర్చుకోవాలి, కాలక్రమంలో ప్రజలందరూ బీమా పరిధిలోకి రావాలి. రెండేళ్లు తిరగకుండానే, 1995లో, ప్రజల మీద ఉన్న బాధ్యతను శాసనసభ రద్దు చేసింది; కంపెనీల మీద ఉన్న చేర్చుకోవాలన్న నియమాన్ని మాత్రం చాలావరకు అలాగే ఉంచింది. ఇక చికిత్స అవసరమైనప్పుడే చేరి, అది పూర్తయ్యాక మానేయడానికి అడ్డు లేకుండా పోయింది. 1999 నాటికి ఆ రాష్ట్రంలోని దాదాపు ఏ కౌంటీలోనూ వ్యక్తిగత పాలసీని కొత్తగా అమ్మే కంపెనీ మిగలలేదు. 2000లో ఎక్కువ జబ్బు ఉన్నవారిని వేరుచేసి ప్రత్యేక పథకంలోకి పంపే వెసులుబాటు ఇచ్చాకే కంపెనీలు తిరిగి వచ్చాయి. దీనికి ఎదురుగా, 2006లో చట్టం చేసిన మరో అమెరికా రాష్ట్రం మాసచుసెట్స్‌లో నిర్బంధం పూర్తిగా అమలులోకి వచ్చాక కొత్తగా చేరినవారిలో దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవారి వాటా తగ్గింది, అంటే ఆరోగ్యవంతులు కూడా లోపలికి వచ్చారు. అందరినీ చేర్చుకోవాలన్న నియమం కావాలంటే అందరూ చేరాలన్న నియమం కూడా ఉండాలనే వాదనకు ఇంతకంటే స్పష్టమైన జంట ఉదాహరణలు నాకు తెలియవు.

స్వేచ్ఛ గురించిన అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. బతికి ఉన్న పాపానికి ఒక ప్రైవేటు కంపెనీ సరుకు కొనమని మనిషిని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిది అన్న ప్రశ్న బలమైనది. 2012 జూన్ 28న అమెరికా సుప్రీం కోర్టు, అందరూ ఆరోగ్య బీమా తీసుకోవాలన్న 2010 నాటి ఆ దేశపు చట్టాన్ని 5-4 తేడాతో నిలబెట్టినప్పుడు కూడా, వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద ఎవరినీ కొనమని బలవంతపెట్టలేరని చెప్పి, కొననివారి మీద వేసే మొత్తాన్ని పన్నుగా పరిగణించి మాత్రమే ఆమోదించింది. ఈ అభ్యంతరానికి తరచూ చెప్పే జవాబు ఒకటుంది: ప్రాణం మీదికి వచ్చినవారిని ఆసుపత్రి తలుపు దగ్గర ఆపకూడదని 1986 నాటి అమెరికా చట్టం చెబుతోంది కాబట్టి, బీమా లేనివారి చికిత్స ఖర్చు ఎలాగూ మిగిలినవారి మీదే పడుతుంది, అందుకే వారిని ముందే కట్టమనడం తప్పు కాదు. ఈ జవాబు సరైనదే కానీ అసంపూర్ణం. ఇది అత్యవసర చికిత్సకు సరిపోయే చిన్న పాలసీని సమర్థిస్తుంది, ప్రసూతి నుంచి మానసిక చికిత్స దాకా అన్నీ ఉన్న పెద్ద పాలసీని సమర్థించదు. పెద్ద పాలసీకి వేరే కారణం చెప్పాలి. నా దృష్టిలో ఆ కారణం ఇది: ఇరవై అయిదేళ్ల వయసులో ఎక్కువ కట్టినట్లు అనిపించే మనిషే అరవై అయిదేళ్లకు తక్కువ కట్టి ఎక్కువ చికిత్స పొందుతాడు, మధ్యలో తప్పుకుని చివర్లో తిరిగి వచ్చే హక్కు అందరికీ ఇస్తే ఆ ఒప్పందం ఎవరికీ మిగలదు.

ఇక ఒక్కొక్క రూపానికి వస్తాను. స్విట్జర్లాండ్ రూపం 1994 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గి 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ దేశంలో నివాసం ఏర్పరచుకున్నవారు మూడు నెలల్లోగా ప్రాథమిక బీమా తీసుకోవాలి. కంపెనీని వారే ఎంచుకుంటారు, కంపెనీ మాత్రం వారిని ఎంచుకోకూడదు. ఎంత పెద్ద జబ్బు ఉన్నా చేర్చుకోవాలి. ప్రాథమిక పాలసీలో ఏ చికిత్సలు ఉండాలో చట్టమే నిర్ణయిస్తుంది కాబట్టి అన్ని కంపెనీలూ ఒకే సరుకు అమ్ముతాయి. దాని మీద లాభం తీసుకోకూడదన్నది మరో నియమం. నచ్చకపోతే ఏడాది చివర కంపెనీ మారిపోవచ్చు. కొనుగోలుదారుగా ఈ షరతులు చదివినప్పుడు నాకు నిజంగా తృప్తి కలిగింది. సన్న అక్షరాల్లో ఏ మినహాయింపు దాగి ఉందోనన్న భయం లేకుండా ఒక బీమా పత్రాన్ని చదవగలగడం చిన్న సంగతి కాదు. పెద్దల దంతవైద్యం చాలావరకు ప్రాథమిక పాలసీలో లేకపోవడం కొరతే అయినా, ఆ సంగతి దాచకుండా చెప్పారు.

ధర దగ్గరికి వచ్చేసరికి ఆ తృప్తి తగ్గుతుంది. ప్రీమియం ఆదాయాన్ని బట్టి మారదు. వయసు వర్గం, నివాస ప్రాంతం, కంపెనీ, ఎంచుకున్న పద్ధతి మాత్రమే దాన్ని నిర్ణయిస్తాయి. ఒకే ఊళ్లో ఒకే కంపెనీ దగ్గర బ్యాంకు యజమానీ, ఆ బ్యాంకు తుడిచే మనిషీ ఒకే మొత్తం కట్టవలసి రావచ్చు. తక్కువ ఆదాయం ఉన్నవారికి కాంటన్‌లు (మన రాష్ట్రాల వంటివి) ప్రీమియంలో రాయితీ ఇస్తాయి, అయినా మధ్యతరగతి కుటుంబాల మీద భారం పెరుగుతూనే వచ్చింది. ప్రీమియం కుటుంబ ఆదాయంలో పదో వంతు దాటకూడదన్న ప్రతిపాదన 2024 జూన్‌లో ప్రజల ఓటుకు వెళ్లి ఓడిపోయింది. దీనికి తోడు ప్రతి పెద్ద మనిషీ ఏటా మొదట కొంత ఖర్చు తానే భరించాలి. ఆ మొత్తాన్ని 300 ఫ్రాంకుల నుంచి 2,500 ఫ్రాంకుల వరకు తానే ఎంచుకోవచ్చు. ఆ పైన కూడా ఏటా 700 ఫ్రాంకుల పరిమితి దాకా పదో వంతు తన జేబులోంచే పోతుంది. ఎంపిక ఇవ్వడం మంచిదే అనిపిస్తుంది గానీ, ఆరోగ్యవంతులు 2,500 ఎంచుకుని ప్రీమియం తగ్గించుకుంటారు, దీర్ఘకాలిక రోగులకు 300 తప్ప వేరే దారి ఉండదు. తలుపు దగ్గర చెరిపేసిన తేడాను లోపలికి వచ్చాక మళ్లీ గీసినట్లయింది. ఇది నాకు నచ్చలేదు.

నెదర్లాండ్స్ 2006లో తెచ్చిన రూపం ఈ లోపాల్లో కొన్నిటిని తగ్గించింది. అక్కడ కూడా అమ్మేవి ప్రైవేటు కంపెనీలే, ప్రాథమిక పాలసీకి వచ్చిన ప్రతి ఒక్కరినీ అవి చేర్చుకోవాలి, ఒక పాలసీకి వయసుతోనూ జబ్బుతోనూ సంబంధం లేకుండా ఒకే ధర తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రీమియం ఉండదు. పెద్దలు ఏటా స్వయంగా భరించవలసిన తప్పనిసరి మొత్తం 2016 నుంచి 385 యూరోలు. కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళ్లడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఈ చివరి మినహాయింపు ఎంతో ఆలోచించి చేసినది. జ్వరమో దగ్గో వచ్చినప్పుడు డాక్టరు ఫీజుకు వెనకాడే మనిషి జబ్బు ముదిరాక ఆసుపత్రికి వస్తాడు. మొదటి మెట్టును ఉచితం చేస్తే ఆ వెనకాడడం తగ్గుతుంది. ఆదాయం తక్కువ ఉన్నవారికి ప్రభుత్వం నుంచి ప్రత్యేక భత్యం వస్తుంది. పైగా వ్యవస్థకు కావలసిన డబ్బులో దాదాపు సగం జీతాల మీద ఆదాయాన్ని బట్టి యజమానుల నుంచి వసూలవుతుంది కాబట్టి, ఒకే ధర అన్న నియమం పేదలను స్విట్జర్లాండ్‌లో బాధించినంతగా బాధించదు.

కొనుగోలుదారుకు కనిపించకుండా ఈ రూపంలో పని చేసే ఒక భాగం మీద నేను ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే సేవ నాణ్యత అంతా దాని మీదే ఆధారపడి ఉంది. అందరి నుంచి వసూలైన ఉమ్మడి నిధి నుంచి, ఎక్కువ జబ్బులు ఉన్నవారిని చేర్చుకున్న కంపెనీకి ఎక్కువ డబ్బు, ఆరోగ్యవంతులే ఎక్కువగా ఉన్న కంపెనీకి తక్కువ డబ్బు ఇస్తారు. వయసు, వాడుతున్న మందులు, గతంలో పొందిన చికిత్సలు వంటివి చూసి ఈ లెక్క కడతారు. ఇది లేని చోట, అందరినీ చేర్చుకోవాలన్న ఆదేశాన్ని కంపెనీ మాటవరుసకు పాటిస్తూనే రోగులను దూరం పెట్టడానికి నూరు మార్గాలు వెతుకుతుంది: యువకులు తిరిగే చోటే ప్రకటనలు ఇస్తుంది, మధుమేహ నిపుణులతో ఒప్పందాలు తగ్గించుకుంటుంది, ఖరీదైన క్లెయిమ్‌లను నెలల తరబడి నానబెడుతుంది. మధుమేహం ఉన్న మనిషి తనతో పాటు తన ఖర్చుకు తగిన నిధిని కూడా తెచ్చినప్పుడు, కంపెనీకి అతణ్ణి తప్పించుకోవలసిన అవసరం తగ్గి, అతడికి మంచి చికిత్సను తక్కువ ఖర్చులో అందించవలసిన అవసరం పెరుగుతుంది. నిర్బంధ బీమా ప్రతిపాదన ఎవరు తెచ్చినా నేను మొదట వెతికే అధ్యాయం ఇదే. లెక్కలో తప్పులుంటాయి, కొన్ని జబ్బులకు తక్కువ లెక్క కడతారు. అయినా అది ఉన్న వ్యవస్థకూ లేని వ్యవస్థకూ మధ్య తేడా చాలా పెద్దది.

జర్మనీ రూపం అన్నిటికంటే పాతది. 1883లో ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో కార్మికుల కోసం మొదలైంది. ధర నిర్ణయించే పద్ధతిలో ఇది నాకు అత్యంత న్యాయంగా కనిపించింది: జీతంలో 14.6 శాతం, దాని మీద ఒక్కొక్క నిధి (అక్కడ బీమాను నడిపే సంస్థ) వేసే అదనపు శాతం, రెండూ ఉద్యోగీ యజమానీ చెరిసగం భరిస్తారు. సంపాదన లేని జీవిత భాగస్వామికీ పిల్లలకూ వేరే చందా లేకుండానే రక్షణ ఉంటుంది. కానీ ఒక పరిమితికి మించి జీతం వచ్చే ఉద్యోగులు ఈ నిధులను వదిలి ప్రైవేటు బీమాకు వెళ్లవచ్చు. అక్కడ యువకులకూ ఆరోగ్యవంతులకూ ధర ఆకర్షణీయంగా ఉంటుంది, వయసు పెరిగాక భారం అవుతుంది, యాభై అయిదు దాటాక తిరిగి రావడం దాదాపు అసాధ్యం. అందరిలోకీ ఎక్కువ ఇవ్వగలిగినవారికే బయటికి దారి చూపించడం ఇంత మంచి వ్యవస్థకు తగదు.

అమెరికా రూపం గురించి ఎంత వాదన జరిగిందో అంత బలం ఆ నిర్బంధానికి ఎప్పుడూ లేదు. 2010లో చట్టమై 2014లో అమలులోకి వచ్చిన జరిమానా మొదటి ఏడాది 95 డాలర్లు లేదా ఆదాయంలో 1 శాతం, ఏది ఎక్కువైతే అది. 2016 నాటికి 695 డాలర్లు లేదా 2.5 శాతం. చాలామందికి ప్రీమియం కంటే జరిమానాయే చౌకగా పడింది. 2017 చివరి పన్ను చట్టంతో 2019 నుంచి జరిమానా సున్నా అయింది. నిర్బంధాన్ని సమర్థించే నాలాంటివారు ఒప్పుకోవలసిన వాస్తవం ఇక్కడ ఒకటుంది: జరిమానా పోయినా ఆ మార్కెట్ కూలిపోలేదు. ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో పెద్ద భాగం ప్రభుత్వమే భరిస్తూ ఉండడం, ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే చేరడానికి గడువు ఉండడం దాన్ని నిలబెట్టాయి. అంటే శిక్ష కంటే సహాయమే ఎక్కువ పని చేసింది.

ఇదే విషయాన్ని మరో సంఘటన ఇంకా గట్టిగా చెబుతుంది. బీమా లేక జరిమానా కట్టిన కుటుంబాలకు 2016 చివర, 2017 ఆరంభంలో అమెరికా పన్నుల శాఖ ఉత్తరాలు రాసింది. ఎక్కడ చేరవచ్చో, చేరకపోతే ఎంత కట్టవలసి వస్తుందో అందులో ఉంది. నిధులు చాలక అందరికీ పంపలేకపోయారు, దాదాపు 39 లక్షల కుటుంబాలకు పంపి, మిగిలినవారిని చీటీ తీసినట్లు వదిలేశారు. ఉత్తరం అందనివారితో పోలిస్తే అందినవారిలో బీమాలో చేరినవారి వాటా కాస్త పెరిగింది. తరువాతి రెండేళ్లలో 45 నుంచి 64 ఏళ్ల వయసువారిలో, ఉత్తరం అందిన సుమారు 1,600 మందికి ఒకటి చొప్పున మరణాలు తగ్గాయని పరిశోధకులు తేల్చారు. ఒక్క ఉత్తరం! తనకు ఏ సహాయం అందుబాటులో ఉందో తెలియక బీమా లేకుండా ఉన్నవారు ఎంతమంది ఉంటారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

ఈ సేవ నిజంగా ఇచ్చేది ఏమిటన్న ప్రశ్నకు అతిశయోక్తి లేకుండా జవాబు చెప్పాలి. ఒరెగాన్ రాష్ట్రం 2008లో పేదలకు ఉద్దేశించిన ప్రభుత్వ బీమాను లాటరీ ద్వారా కేటాయించినప్పుడు, బీమా వచ్చినవారినీ రానివారినీ పోల్చి చూడడానికి అవకాశం దొరికింది. రెండేళ్లలో బీమా వచ్చినవారి రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. కానీ వారిలో మానసిక కుంగుబాటు తగ్గింది, చికిత్స కోసం సంసారం మునిగిపోయేంత ఖర్చు దాదాపుగా మాయమైంది. అంటే బీమా మొదటగా కాపాడేది కుటుంబాన్ని అప్పుల నుంచి. దేహాన్ని కాపాడేది డాక్టరు, మందు, నర్సు. అందుకే నడిచి వెళ్లగలిగే దూరంలో ఆసుపత్రి లేని చోట, ఉన్నా అందులో సిబ్బంది లేని చోట, జనం చేత బీమా కొనిపించడాన్ని నేను సమర్థించలేను. నెలజీతం లేని పనివారు అత్యధికంగా ఉన్న దేశాల్లో ప్రీమియం వసూలు చేయడం కూడా పెద్ద సమస్య. 1961 నాటికే రైతులనూ చిన్న వ్యాపారులనూ స్థానిక ప్రభుత్వాల ద్వారా చేర్చి అందరికీ బీమా కల్పించిన జపాన్ అది అసాధ్యం కాదని చూపించింది గానీ, 2002లో థాయిలాండ్ ఎంచుకున్నట్లు, పన్నుల డబ్బుతోనే చికిత్స అందించడం అలాంటి చోట్ల సూటి మార్గం. బ్రిటన్ 1948 నుంచి ఆ దారిలోనే ఉంది. చికిత్స అందరికీ అందాలన్నది లక్ష్యమైతే బీమా పత్రం దానికి ఉన్న మార్గాల్లో ఒకటి మాత్రమే.

మొత్తం మీద నెదర్లాండ్స్ రూపాన్ని నేను మొదటి స్థానంలో ఉంచుతాను. దానికి జర్మనీ పద్ధతిలో ఆదాయాన్ని బట్టి ధర నిర్ణయించే నియమం పూర్తిగా తోడైతే సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. ఈ నిర్ణయానికి నన్ను తెచ్చింది ప్రీమియం కట్టలేకపోయిన మనిషిని ఆ వ్యవస్థలు చూసే తీరు. స్విట్జర్లాండ్‌లో కొన్ని కాంటన్‌లు బకాయిదారుల జాబితాలు పెట్టి, అందులో ఉన్నవారికి అత్యవసర చికిత్స తప్ప మరేదీ బీమా కింద అందకుండా చేశాయి. వాటిలో కొన్ని తరువాత ఆ జాబితాలను ఎత్తివేశాయి. అందరికీ రక్షణ కావాలని చెప్పి మొదలుపెట్టిన నిర్బంధం, కట్టలేనివాడి మందులు ఆపడంతో ముగియడాన్ని నేను ఏ విధంగానూ ఒప్పుకోలేను. నెదర్లాండ్స్‌లో ఆరు నెలల బకాయి పడిన మనిషిని కంపెనీ బయటికి నెట్టదు. వసూలు బాధ్యత ఒక ప్రభుత్వ సంస్థకు మారుతుంది, కొంత ఎక్కువ మొత్తం అతడి జీతం నుంచో భత్యం నుంచో కోతపడుతుంది, అసలు బీమాయే తీసుకోని మనిషికి రెండుసార్లు జరిమానా వేసి ఆ తరువాత ఆ సంస్థే అతడి పేరు మీద పాలసీ తీసుకుంటుంది. కోత బాధాకరమే, దాన్ని ఆదాయాన్ని బట్టి ఇంకా తగ్గించవచ్చు. కానీ ఆ నెలల్లో అతడు జబ్బు పడితే ఆసుపత్రి అతడి కార్డును మిగిలినవారి కార్డులాగే తీసుకుంటుంది.